తోకచక్రం విమానాన్ని తిన్నగా దించడం ఎలా

కళ్లంలోకి ధాన్యం ట్రాలీని రివర్సులో పెట్టే ట్రాక్టరు డ్రైవరుని గమనిస్తే తోకచక్రం విమానం సగం అర్థమైపోతుంది. ముందుకి లాగినంతసేపూ ట్రాలీ బుద్ధిగా వెంట వస్తుంది. రివర్సులో బెత్తెడు పక్కకి మళ్లిందంటే మాత్రం ఆ వంకర దానంతటదే పెరిగి, ట్రాలీ మడత పడిపోతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు వంకర కంటికి ఆనకముందే స్టీరింగు కాస్త తిప్పి, వెంటనే వెనక్కి తెచ్చేస్తాడు. ఒక్కసారిగా బాగా తిప్పడు. అలాగని చేతులు ఊరికే ఉంచడు.

తోకచక్రం విమానం నేల మీద పరిగెత్తేటప్పుడు జరిగేది ఇదే. పెద్ద చక్రాలు రెండూ ముందుంటాయి, తోక కింద ఒక చిన్న చక్రం ఉంటుంది, బరువు కేంద్రం పెద్ద చక్రాల వెనక ఉంటుంది. ముక్కు ఎడమకి తిరిగిందనుకోండి. చక్రాలు ఎడమకి పోతాయి, వెనకనున్న బరువు పాత దారినే పట్టుకుని సాగబోతుంది. అది తోకను కుడివైపు బయటికి తోస్తుంది, దాంతో ముక్కు ఇంకా ఎడమకి తిరుగుతుంది. ఆపకపోతే రెండు మూడు సెకన్లలో విమానం బొంగరంలా తిరిగి, బయటివైపు రెక్క కొన నేలకి రాసుకుని, ఆ వైపు చక్రం కాలు మడత పడుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ముందుచక్రం విమానంలో బరువు పెద్ద చక్రాలకి ముందుంటుంది కాబట్టి అది వంకరగా వాలినా తనంతట తానే తిన్నగా సర్దుకుంటుంది.

మన దేశంలో పాతతరం పైలట్లు హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారుచేసిన హెచ్‌టీ-2 మీదా, ఫ్లయింగ్ క్లబ్బుల్లో పుష్పక్ మీదా నేర్చుకున్నారు. 1951లో మొదటిసారి ఎగిరిన హెచ్‌టీ-2, 1958లో ఎగిరిన పుష్పక్ రెండూ తోకచక్రం విమానాలే. ఇప్పుడు శిక్షణంతా సెస్నా లాంటి ముందుచక్రం విమానాల మీదే సాగుతోంది. వాటి మీద ఎన్ని గంటలు ఎగిరినా, పెడల్స్‌తో విమానాన్ని తిన్నగా ఉంచే ఈ పని కాళ్లకి అలవాటు కాదు. అందుకే లైసెన్సు చేతిలో ఉన్నా, సొంతంగా కట్టుకున్న విమానం ఎక్కే ముందు తోకచక్రం తెలిసిన శిక్షకుడితో రెండు సీట్ల విమానంలో నేర్చుకుని తీరాలి. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషను, ఎగరడానికి అనుమతి, పైలట్ లైసెన్సు లేకుండా ఏ పొలం నుంచీ లేవకూడదు. విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో భాగం. కాబట్టి విజయనగరం వైపు గగనతలంలోకి వెళ్లే ముందు ఆ అనుమతులు కూడా చూసుకోవాలి.

షెడ్డులోనే తేలిపోయే సంగతులు

ల్యాండింగ్ ప్రమాదాల్లో చాలా వాటికి బీజం షెడ్డులోనే పడుతుంది. పైలట్ కాళ్లు ఎంత చురుగ్గా ఉన్నా, చక్రాలు వంకరగా బిగించిన విమానం ప్రతి ల్యాండింగులోనూ అతనితో పేచీ పెట్టుకుంటూనే ఉంటుంది.

మొదట చక్రాల వరస చూడాలి. రెండు చక్రాల ముందు అంచులూ లోపలికి చూస్తుంటే టో-ఇన్, బయటికి చూస్తుంటే టో-అవుట్. కార్లకి కొద్దిగా టో-ఇన్ పెట్టడం మామూలే కాబట్టి ఆ అలవాటునే ఇక్కడా చూపించే మెకానిక్కులు ఉంటారు. తోకచక్రం విమానానికి అది పనికిరాదు. విమానం ఎడమకి తిరుగుతున్నప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. ఆ చక్రం లోపలికి చూస్తుంటే విమానాన్ని ఇంకా ఎడమకే నడిపిస్తుంది, అంటే పెరుగుతున్న వంకరకి తోడవుతుంది. అదే చక్రం తిన్నగా గానీ, కాస్త బయటికి గానీ చూస్తుంటే వంకరకి అడ్డుపడుతుంది. ప్లానులో వేరే అంకె ఇవ్వకపోతే సున్నా నుంచి అర డిగ్రీ టో-అవుట్ వరకు పెట్టుకోవాలి.

కొలవడానికి ఖరీదైన పనిముట్లేవీ అక్కర్లేదు. ఒక్కో చక్రం కింద 30 సెం.మీ. చదరపు అల్యూమినియం రేకులు రెండేసి పెట్టి, ఆ రెంటి మధ్య దట్టంగా గ్రీజు పుయ్యండి. విమానాన్ని వాటి మీదికి ఎక్కించి, తోక దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపితే చక్రాల కాళ్లలో బిగుసుకున్న ఒత్తిడి విడిపోయి, చక్రాలు వాటి అసలు స్థితిలోకి వచ్చి నిలుస్తాయి. ఈ గ్రీజు రేకులు లేకుండా గచ్చు మీద తీసిన కొలత నమ్మదగ్గది కాదు, ఎందుకంటే టైరు నేలని పట్టుకుని కాలిని వంచి ఉంచుతుంది. తర్వాత తాపీమేస్త్రి వాడే తూకం గుండుని ముక్కు మధ్య నుంచీ, తోక మధ్య నుంచీ వేలాడదీసి, ఆ రెండు గుర్తుల్నీ కలుపుతూ సుద్ద పూసిన దారంతో నేల మీద గీత కొట్టండి. 60 సెం.మీ. పొడవున్న తిన్నటి అల్యూమినియం పట్టీని చక్రం బ్రేకు డిస్కుకి ఆనించి, పట్టీ ముందు కొస నుంచీ వెనక కొస నుంచీ ఆ గీతకి దూరం కొలవండి. ముందు దూరం వెనక దానికంటే 5 మి.మీ. ఎక్కువుంటే ఆ చక్రానికి అర డిగ్రీ టో-అవుట్ ఉన్నట్టు. తక్కువుంటే టో-ఇన్. ఒక్కో చక్రాన్నీ విడిగా చూడాలి. రెండు చక్రాల మధ్య దూరం మాత్రమే కొలిస్తే, ఒకటి ఎడమకి చూస్తూ రెండోదీ ఎడమకే చూస్తున్నా లెక్క సరిగ్గానే కనిపిస్తుంది.

ఇదే కొలత తోక నేల మీదుండగా ఒకసారీ, తోకని ఎత్తుబల్ల మీద పెట్టి విమానాన్ని సమంగా నిలిపి మరోసారీ తియ్యాలి. రెండుసార్లూ పైలట్ బరువు సీట్లో ఉండాలి. స్ప్రింగు కాళ్లు బరువుకి విచ్చుకుంటాయి కాబట్టి ఖాళీ విమానంలో వచ్చిన అంకె ఎగిరేటప్పుడు ఉండదు. తేడా ఉంటే కాలికీ ఇరుసుకీ మధ్య ఏటవాలు షిమ్ (పలచని బిళ్ల) పెట్టి సరిచేస్తారు. ఇరుసుని వంచి సరిచెయ్యడం మాత్రం వద్దు.

రెండోది బరువు కేంద్రం. విమానాన్ని సమంగా నిలిపి మూడు చక్రాల కిందా త్రాసులు పెట్టండి. ఎడమ 148, కుడి 150, తోక 14 కిలోలు వచ్చాయనుకుందాం. మొత్తం 312. పెద్ద చక్రాల ఇరుసు నుంచి తోకచక్రానికి 4.2 మీటర్లుంటే, 14ని 4.2తో హెచ్చించి 312తో భాగించాలి. 0.19 మీటర్లు, అంటే బరువు కేంద్రం ఇరుసుకి 19 సెం.మీ. వెనక ఉంది. ఇరుసుకి 35 సెం.మీ. వెనక 75 కిలోల మనిషి కూర్చుంటే అది 22 సెం.మీ.కి జరుగుతుంది. సీటు వెనక, ఇరుసుకి 90 సెం.మీ. దూరంలో 10 కిలోల సామాను పెడితే దాదాపు 24. ఎంత వెనక్కి పోతే గ్రౌండ్ లూప్ బలం అంత పెరుగుతుంది. ముందుకి తెస్తే మరో చిక్కు. బ్రేకు తొక్కగానే విమానం ముక్కు మీద బోర్లా పడుతుంది. సమంగా నిలిపినప్పుడు, చక్రం నేలని తాకే చోటి నుంచి బరువు కేంద్రానికి గీసిన గీత నిట్టనిలువు నుంచి సుమారు 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే రెంటికీ మధ్యన ఉన్నట్టే. పై ఉదాహరణలో కేంద్రం నేల నుంచి 85 సెం.మీ. ఎత్తున ఉంటే, పైలట్‌తో కలిపి ఆ కోణం పద్నాలుగున్నర డిగ్రీలు వస్తుంది. అదే సమస్థితిలో ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య కనీసం 23 సెం.మీ. ఖాళీ ఉందో లేదో కూడా అప్పుడే కొలిచేయండి.

తోకచక్రం చూడ్డానికి చిన్నదే, చేసే అల్లరి పెద్దది. అది తిరిగే నిలువు పిన్ను, బరువు వేసినప్పుడు పక్క నుంచి చూస్తే దాదాపు నిట్టనిలువుగా ఉండాలి. తోక స్ప్రింగు పట్టీ కొన్నాళ్లకి చదునైపోతుంది, దాంతో పిన్ను తల ముందుకి వాలుతుంది. అప్పుడు చక్రం గడగడలాడుతూ అటూ ఇటూ కొట్టుకుంటుంది. దీన్ని షిమ్మీ అంటారు. ఆ స్థితిలో చక్రం దారి పట్టదు, బోల్టులు కూడా వదులవుతాయి. చాలామంది నట్లు బిగించి సరిపెడతారు గానీ అసలు మందు స్ప్రింగు పట్టీని మార్చడమే. రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి ముక్కుని పక్కకి తిప్పే పలక) నుంచి తోకచక్రానికి వచ్చే రెండు చిన్న స్ప్రింగులూ ఒకే బలం ఉన్నవి కాకుండా వేర్వేరువి వేస్తే ఆ ఊపు ముదరదు. గొలుసులు వేలాడకూడదు, వీణ తీగలా బిగుసుకోనూ కూడదు.

బ్రేకులకి పరీక్ష సులువు. చక్రాలు రెంటినీ జాకీ మీద లేపి, చేత్తో ఒకే బలంతో తిప్పి వదలండి. ఒకటి ముందే ఆగిపోతుంటే ఆ వైపు బ్రేకు పట్టుకుంటున్నట్టు. టైర్లలో గాలి తేడా ఉన్నా విమానం గాలి తక్కువున్న వైపుకి లాగుతుంది. కొత్త బ్రేకులు చటుక్కున పట్టేలా ఉండటం తోకచక్రం విమానానికి మంచిది కాదు. కాస్త మెత్తగా పట్టేవే మేలు.

మన తీరం గాలి, మన నేల

భీమిలి నుంచి భోగాపురం, కళింగపట్నం, బారువ మీదుగా ఇచ్ఛాపురం దాకా మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. తీరం పొడవునా పొలాల మధ్య స్ట్రిప్ (విమానం దిగే నేల పట్టీ) వేస్తే అది కూడా ఆ దిక్కునే పడుతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి ఆ స్ట్రిప్‌ని పక్క నుంచి కొడుతుంది. స్ట్రిప్ 220 డిగ్రీల దిక్కు, గాలి 170 డిగ్రీల నుంచి గంటకి 18 కి.మీ. అనుకోండి. మధ్య కోణం 50 డిగ్రీలు, దాని సైన్ విలువ 0.77, కాబట్టి పక్కగాలి దాదాపు 14 కి.మీ. చిన్న విమానాల డిజైన్ నిబంధనల్లో పాత కొలమానం ఒకటుంది: స్టాల్ వేగంలో (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) ఐదో వంతు పక్కగాలినైనా విమానం తట్టుకోవాలి. గంటకి 65 కి.మీ. దగ్గర స్టాల్ అయ్యే విమానానికి అది 13 కి.మీ. అంటే ఒళ్లు చల్లబడేంత హాయిగా తోచే సాయంకాలపు గాలి, కొత్త పైలట్‌కి హద్దు దాటినట్టే. కొత్త విమానంతో మొదటి ఇరవై ముప్పై ల్యాండింగులు తెల్లవారాక, సముద్రపు గాలి మొదలవ్వకముందే చేసెయ్యాలి. డిసెంబరు, జనవరిల్లో నాగావళి, వంశధార ఒడ్డున పొగమంచు విడేదాకా ఆగక తప్పదు.

సరుగుడు తోటలు మరో ఉచ్చు. స్ట్రిప్ పక్కన 12 మీటర్ల ఎత్తు సరుగుడు వరసలుంటే, గాలి తాకని వైపు దగ్గర్లో గాలి పడిపోయినట్టుంటుంది. చెట్ల ఎత్తుకి పదింతల దూరం దాకా, అంటే 120 మీటర్లు, ఇంకా ఆపైన కూడా సుడులు ఉంటాయి. విమానం ఆ చాటులో నెమ్మదిగా వాలి, పరుగులో తోట దాటిందంటే ఒక్కసారిగా గాలి తోకని కొడుతుంది. రడ్డర్‌కి బలం తగ్గిపోయే వేళకే ఈ దెబ్బ తగులుతుంది. అలాంటి చోట ల్యాండింగు దూరాన్ని తోట చివర్లు దాటిన మేరకి పెట్టుకోండి, లేదా తోట దాటేచోట కాళ్లు ముందే సిద్ధంగా ఉంచండి. గాలిగొట్టం తోట చాటున కట్టడం దండగ. తెరపి ఉన్న చోట కట్టాలి.

నేల విషయానికొస్తే, గట్టి ఎర్ర గరువు మీద కురచగా కోసిన గడ్డి అన్నిటికంటే మంచిది. చక్రాలు కాస్త వంకరగా వాలినా గడ్డి మీద పక్కకి జారి సర్దుకుంటాయి. తారు, సిమెంటు రన్‌వే టైరుని గట్టిగా పట్టేసి చిన్న వంకరనే పెద్దది చేస్తాయి. స్ట్రిప్ చివరి పొలంగట్టుని చదును చెయ్యకుండా ఎప్పుడూ వదలొద్దు. వానాకాలం అయ్యాక గెడ్డ వైపు నేల మెత్తబడి ఒక చక్రం దిగబడితే, ముక్కు అటే తిరుగుతుంది.

దించడం

ముందు నేల మీదే కూర్చుని నేర్చుకోవాల్సింది ఒకటుంది. తోక నేల మీద ఉండగా కాక్‌పిట్‌లో కూర్చుని, దూరంగా తాటితోపు మొదలు ఇంజను మూత మీద ఎక్కడ కనిపిస్తుందో చూసి అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించండి. మూడు చక్రాల మీదా వాలేటప్పుడు కనపడాల్సిన దృశ్యం అదే. తోకని ఎత్తుబల్ల మీద పెట్టి మళ్లీ చూడండి. పెద్ద చక్రాల మీద వాలేటప్పుడు కనిపించేది ఇది. రోజూ ఐదేసి నిమిషాలు ఇలా కూర్చుంటే, గాల్లో కళ్లు వెతుక్కోవు.

తర్వాత నేల మీద నడక. మొదట మనిషి నడిచే వేగంతో, ఆపైన గంటకి 25, 30 కి.మీ.తో తిన్నటి గీత మీద నడపండి. కాళ్లు రడ్డర్ పెడల్స్ మీద కుట్టుమిషను తొక్కినట్టు చిన్న చిన్న పోట్లు వెయ్యాలి. ఒక పోటు వేసి, వెంటనే తీసెయ్యాలి. పెడల్ నొక్కిపట్టి ఫలితం కోసం ఆగితే, ఫలితం వచ్చేసరికి అది ఎక్కువైపోతుంది. మడమలు నేలకి ఆన్చి ఉంచితే పొరపాటున బ్రేకు తొక్కరు. తోక లేచేంత వేగానికి మాత్రం ఎగరడానికి సిద్ధంగా లేకుండా పోవద్దు. చాలా విమానాలు ఆ వేగంలోనే దెబ్బతింటాయి.

వాలేటప్పుడు స్టాల్ వేగానికి 1.3 రెట్లు పెట్టుకోండి. 65కి అది దాదాపు 85 కి.మీ. భద్రం కోసమని ఇంకో పది కలుపుకోవడం తోకచక్రంలో భద్రం కాదు. నేల తాకే వేగం 65 నుంచి 80కి పెరిగితే, పక్కకి తోసే శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. నడుమెత్తున విమానాన్ని పట్టి ఉంచి, అది దిగబోయినప్పుడల్లా స్టిక్ (ముక్కునీ రెక్కల్నీ వంచే చేతి కర్ర) కొంచెం కొంచెం వెనక్కి తెస్తూ పోవాలి. టేపు ముక్క దృశ్యం కనిపించేసరికి మూడు చక్రాలూ కలిసి నేల తాకాలి, స్టిక్ అప్పటికే కడుపుకి తగలాలి. చూపు ముక్కు మీద కాదు, స్ట్రిప్ రెండో కొస మీద ఉండాలి. ముక్కు వేలెడంత తిరిగినా ఆ దూరంలోనే ముందు తెలుస్తుంది.

గాలి ఎక్కువున్న రోజు పెద్ద చక్రాల మీద వాలడం మేలంటారు కొందరు. కావచ్చు గానీ, మొదటి పద్ధతి కాళ్లకి పట్టాకే దాని జోలికి వెళ్లాలి. అందులో విమానాన్ని సమంగా, కొద్దిగా ఇంజను బలంతో, దాదాపు దిగుడు లేకుండా నేలకి తాకించి, తాకిన క్షణాన స్టిక్ వేలెడు ముందుకి వదలాలి. ఆ తర్వాత తోక పడబోయే కొద్దీ స్టిక్ ఇంకా ముందుకి, తోక తనంతట తాను దిగాక పూర్తిగా వెనక్కి. తోక దిగే ఆ మూడు నాలుగు సెకన్లే కష్టకాలం. రడ్డర్‌కి గాలి తగ్గిపోతుంది, తోకచక్రం ఇంకా నేలని పట్టదు, ప్రొపెల్లర్ తిరుగుడు వల్ల ముక్కు ఒకవైపు లాగుతుంది. కాక్‌పిట్ నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్‌తో అది కుడివైపు. ఫోక్స్‌వాగన్ కారు ఇంజన్లని మార్చి వాడే చాలా విమానాల్లో ప్రొపెల్లర్ రెండో దిక్కుకి తిరుగుతుంది కాబట్టి ఎడమవైపు.

పక్కగాలిలో గాలి వచ్చేవైపు రెక్క వంచి, ఎదురు రడ్డర్‌తో ముక్కుని స్ట్రిప్‌కి తిన్నగా ఉంచి, ముందు గాలివైపు చక్రం తాకించాలి. వేగం తగ్గే కొద్దీ స్టిక్‌ని గాలివైపు ఇంకా ఇంకా వంచుతూ, ఆగేసరికి పూర్తిగా వంచి ఉంచాలి. గ్రౌండ్ లూపులు ఎక్కువగా జరిగేది చక్రాలు తాకిన క్షణంలో కాదు, పరుగు చివర్లో, "హమ్మయ్య" అనుకుని కాళ్లు సడలించినప్పుడు.

ఎగిరిపడితే

పెద్ద చక్రాలు గట్టిగా తగిలితే వాటి వెనకున్న బరువు తోకని కిందికి దింపుతుంది. రెక్క గాలికి చూపే కోణం పెరిగి, లిఫ్టు (పైకి లేపే బలం) వచ్చి విమానం మళ్లీ గాల్లోకి లేస్తుంది. అడుగు ఎత్తు ఎగిరితే ముక్కు అలాగే పట్టుకుని మళ్లీ కూర్చోనివ్వండి. అంతకు మించి ఎగిరితే ఆలోచించకుండా ఫుల్ త్రోటిల్ (ఇంజను పూర్తి బలం) ఇచ్చి, ముక్కు సమం చేసి మళ్లీ చుట్టి రండి. భయంతో స్టిక్ ముందుకి కొట్టడమే ఇక్కడ అసలు తప్పు. విమానం రెండోసారి ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది, మూడోసారికి ప్రొపెల్లర్ నేలని తవ్వుతుంది.

ముక్కు తిరిగిపోతే

ముక్కు ఎడమకి పోతుంటే పూర్తి కుడి రడ్డర్, స్టిక్ కడుపుకి, కుడి బ్రేకు చిన్న పోట్లుగా. రడ్డర్ చాలకపోతే త్రోటిల్ ఒక్క క్షణం తోసి తీసెయ్యండి. ప్రొపెల్లర్ గాలి రడ్డర్‌కి తగిలి బలమొస్తుంది. ముక్కు సుమారు 30 డిగ్రీలు దాటిందంటే ఇక పోట్లాడొద్దు. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే విమానం బోర్లాపడే ప్రమాదం ఉంది. త్రోటిల్ మూసి, ఇగ్నిషన్ ఆపి, స్టిక్ వెనక్కి బిగబట్టి తిరగనివ్వండి. రెక్క కొన పోతే మళ్లీ కట్టుకోవచ్చు.

తర్వాత చూడాల్సినవి

గ్రౌండ్ లూప్ అయ్యాక విమానం పైకి బాగానే కనిపించినా, చూడకుండా మళ్లీ ఎగరకూడదు. కాళ్లు ఫ్యూజిలేజికి (విమానం మొండేనికి) కలిసే చోట బోల్టు రంధ్రాలు సాగాయేమో, వెల్డు చేసిన ట్యూబుల కూడలి దగ్గర రంగు పగిలిందేమో చూడండి. పగులు అనుమానం ఉంటే పెయింటు గీకి, పగుళ్లు పట్టే ఎర్ర డై పోసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టండి. సన్నని ఎర్ర గీత కనిపిస్తే ఆ ట్యూబు మార్చాల్సిందే. చెక్క రెక్క కొన నేలకి తగిలితే దెబ్బ కొస దగ్గరే ఆగదు. స్పారు (రెక్క లోపలి ప్రధాన దూలం) వెంట ఫ్యూజిలేజి దాకా వెళ్తుంది, పీచుకి అడ్డంగా వెంట్రుకంత నలుగు గీతలు పడతాయి. టార్చి స్పారుకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు కొడితే అవి కనిపిస్తాయి, ఎదురుగా కొడితే కనిపించవు. ప్రొపెల్లర్ నేల తాకితే అది చెక్కదైనా సరే, ఇంజను క్రాంక్ ఫ్లాంజికి (ప్రొపెల్లర్ బిగించే పళ్లేనికి) డయల్ గేజీ పెట్టి వంపు కొలవాలి, తయారీదారు చెప్పిన తనిఖీ పూర్తిగా చెయ్యాలి. తోక స్ప్రింగు బోల్టులు బాగున్నట్టు కనిపించినా తీసి పారేసి కొత్తవి వెయ్యండి. పక్కకి ఈడ్చినప్పుడు పడే బలం ముందు వాటి మీదే పడుతుంది.